బీకరులో వేలు

కాలేజీలో నేను ల్యాబ్ అటెండరును. చదువు మా పల్లె బడిలో పదో తరగతితో సరి. గాజుసామాను కడగడం, త్రాసులు సరిచూడడం, లెక్చరర్లు అడిగిన వస్తువు అడిగిన వేళకు బల్ల మీద పెట్టడం నా పని. ఇరవై ఏడేళ్లుగా చేస్తున్నాను. మాట్లాడాల్సిన అవసరం పెద్దగా రాదు. అది నాకు బాగానే ఉంది.

రెండేళ్ల కిందట మా కోడలు అదే కాలేజీకి ఫిజిక్స్ లెక్చరరుగా వచ్చింది. మొదటి సంవత్సరం పిల్లలకు పాఠం చెప్పాలి. తాత్కాలిక ఉద్యోగం. ఏడాదికోసారి ప్రిన్సిపాల్ గారు సంతకం పెడితే నిలుస్తుంది, లేకపోతే లేదు. నా సిఫారసు మీద వచ్చిందని ఒకరిద్దరు అన్నారు. గాజుసామాను కడిగేవాడి సిఫారసుకు అంత విలువ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె క్లాసు మా ల్యాబు పక్క గదిలోనే. మధ్యలో ఒక తలుపు. అది సరిగ్గా పడదు, బెత్తెడు సందు ఉంటుంది. అందులోంచి చూసేవాణ్ణి. గొంతు స్పష్టంగా ఉంటుంది. బోర్డు మీద అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. నూట ఇరవై తలలు ఒక్కసారి వంగుతాయి, ఒక్కసారి లేస్తాయి. పెన్నుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదు. ఇంత మంచి క్లాసు కాలేజీ మొత్తంలో లేదనుకున్నాను. మొదటి పరీక్షలో డెబ్బై ఒక్కమంది తప్పారు.

ప్రిన్సిపాల్ గారు ఆమెను పిలిచి కేకలేమీ వెయ్యలేదు. సైన్సు లెక్చరర్లకు పదిరోజుల శిక్షణ పెట్టిస్తున్నామని, మొదటి సంవత్సరం పాఠాలు ఎలా చెప్పాలో నేర్పుతారని, చివరిరోజు ఆమె క్లాసుకు తాను వచ్చి కూర్చుంటానని చెప్పారు. నచ్చితే క్లాసు ఆమెదే. నచ్చకపోతే నోట్సు మాస్టారికి వెళ్తుంది, సంతకం సంగతి తర్వాత ఆలోచిద్దాం అన్నారు. ఆ 'తర్వాత'కు అర్థమేమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నోట్సు మాస్టారంటే సీనియర్ ఫిజిక్స్ లెక్చరరు. ఆయన నోట్సు ఆయన పెళ్లికి ముందు రాసుకున్నది. కాగితాలు తిరగేస్తే అంచులు రాలతాయి. క్లాసు అయ్యాక బల్ల తుడిచేది నేనే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చినావిడ పొట్టి మనిషి. జుట్టు సగం నెరిసింది. మెడలో పరుగుపందాల్లో వాడే గడియారం ఒకటి వేలాడదీసుకుంది. మొదటిరోజు ల్యాబులోనే తొమ్మిదిమంది లెక్చరర్లను కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ అయిదు నిమిషాలు పాఠం చెప్పి ఒక ప్రశ్న అడగమంది. మిగతావాళ్లు పిల్లలు. అందరూ అయ్యాక, మీరు ప్రశ్న అడిగిన తర్వాత మళ్లీ నోరు విప్పడానికి ఎంతసేపు ఆగారో లెక్కపెట్టానని చెప్పి కాగితం తీసి చదివింది. ఒకరు రెండు సెకన్లు. ఒకరు ఒకటిన్నర. మా కోడలు ఒక్క సెకను. నోట్సు మాస్టారికి సున్నా.

ఆయన ఒప్పుకోలేదు. తాను అడిగాననీ ఆగాననీ అన్నారు.

"మీరు 'అర్థమైందా, సరే' అన్నారు సార్. రెండు మాటలకీ మధ్య నా వేలు గడియారం నొక్కడానికి సందు దొరకలేదు" అంది ఆవిడ.

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారుగానీ, మధ్యాహ్నానికల్లా ఆవిడకు సెకన్లమ్మ అని పేరు పెట్టేశారు. ఆ పేరు సాయంత్రానికి ఆఫీసు దాకా పాకింది. ఆవిడ చెవినా పడింది. పట్టించుకోలేదు.

ఆవిడ చెప్పే పద్ధతి నాకు అర్థమైనంత వరకు ఇది. పిల్లలు రెండు మూడు జట్లుగా చీలిపోయే ప్రశ్న ఒకటి అడగాలి. అడిగి నోరు మూసుకోవాలి. ప్రతి పిల్లకూ పిల్లవాడికీ మూడు రంగుల అట్టముక్కలు ఇవ్వాలి. జవాబును బట్టి ఒక రంగు ఎత్తాలి. ఎవరిది తప్పో ఎవరిది ఒప్పో చెప్పకుండా, పక్కవాళ్లతో వాదించుకోమని వదిలెయ్యాలి. తర్వాత మళ్లీ ఎత్తించాలి. రెండోసారికి సరైన జవాబు పెరుగుతుందట. "పెరగకపోతే ఆ గదిలో ఎక్కడో భయం ఉందన్నమాట. అది ఎక్కడుందో వెతకండి" అంది.

ఇంట్లో మా కోడలు భోజనాల దగ్గర సాధన మొదలుపెట్టింది. మా అబ్బాయి దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, రోజు విడిచి రోజు ఇంటికొస్తాడు. కాబట్టి ప్రశ్నలన్నీ నాకూ మా ఆవిడకూ. ఫోను కంచం పక్కన పెట్టుకుని సెకన్లు చూసుకునేది. మా ఆవిడ ప్రశ్న పూర్తి కాకముందే ఏదో ఒకటి చెప్పేసేది. నేను ఆలోచిస్తూ కూర్చునేవాణ్ణి. నాలుగో సెకనుకు కోడలు ఆగలేక జవాబు తనే చెప్పేసేది. చెప్పేసి నాలుక కరుచుకునేది.

"మీ మామయ్యని అడిగి నేర్చుకుంటే ఇంకెవరి దగ్గరైనా ఆగగలవే తల్లీ. పెళ్లిచూపుల్లో 'అమ్మాయి నచ్చిందా' అని అడిగితే ఈయన జవాబు చెప్పేసరికి మా వాళ్లు చెప్పులు వేసుకుంటున్నారు" అంది మా ఆవిడ.

నచ్చిందనే చెప్పాను. ఆ ముక్క ఆవిడ ఎప్పుడూ చెప్పదు.

నాలుగోరోజుకు కోడలు ఆరు సెకన్లు ఆగగలిగింది. ఆరోరోజుకు పది. అసలు చిక్కు వేరే వచ్చింది. చివరిరోజు క్లాసుకు ప్రశ్న దొరకలేదు. నీళ్లలో వస్తువులు తేలడం, మునగడం, అదీ పాఠం. ఆమె రాసుకెళ్లిన ప్రశ్నలన్నీ సెకన్లమ్మ పక్కన పెట్టేసింది. సూత్రం బట్టీపట్టినవాడు చెప్పేస్తాడు, పట్టనివాడు చెప్పలేడు, ఇద్దరూ ఆలోచించరు అందట. ఆ సాయంత్రం కోడలు కంచం ముందు ఊరికే కూర్చుంది. మా ఆవిడ రెండుసార్లు వడ్డించబోయింది. వద్దంది.

నాకు ఒక సంగతి తెలుసు. చెప్పాలా వద్దా అనుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక బిరడా జారి, త్రాసు మీదున్న బీకరులో పడింది. తీద్దామని వేలు ముంచాను. అడుగు తగలకముందే, నీళ్లలో వేలు పడగానే ముల్లు కదిలింది. చెయ్యి వణికిందేమో అనుకుని ఇంకోసారి ముంచాను. మళ్లీ కదిలింది. పళ్లెం కిందికి దిగింది. ఎవరినీ అడగలేదు. కానీ ఖాళీ దొరికినప్పుడల్లా ముంచి చూసేవాణ్ణి.

"అమ్మాయ్, బీకరు అడుగు తాకకుండా నీళ్లలో వేలు ముంచితే పళ్లెం దిగుతుంది. ఎందుకో నాకు తెలియదు" అన్నాను.

ఆమె ఏదో అనబోయి ఆగింది. కంచంలో వేలితో ఏదో గీసింది. చెరిపి మళ్లీ గీసింది. ఫోను వైపు చూడలేదుగానీ ఒక నిమిషం పైనే అయ్యుంటుంది. తర్వాత భోజనం చేసింది, రెండోసారి అడిగి పెట్టించుకుంది.

మర్నాడు ఆ ప్రశ్న లెక్చరర్ల మధ్య పెట్టింది. మిగతా ఎనిమిదిమందీ తేలడం, మునగడం సూత్రాన్ని కళ్లు మూసుకుని ఒప్పజెప్పగలరు. నలుగురు దిగుతుందన్నారు, ముగ్గురు మారదన్నారు, ఒకరు లేస్తుందన్నారు. లేస్తుందన్నది నోట్సు మాస్టారు. ఒకరి మాట ఒకరు వినకుండా గంటసేపు వాదించుకున్నారు. సెకన్లమ్మ గడియారం మెడలోంచి తీసి సంచిలో పెట్టేసి మా కోడలి వైపు చూసి తల ఊపింది.

చివరిరోజుకు నేను చేయగలిగింది నేను చేశాను. పాత పెద్ద త్రాసు స్టోరులోంచి తీసి క్లాసు బల్ల మీద పెట్టాను. కొత్తవి అంకెలు చూపిస్తాయి, వెనక బెంచీకి కనబడవు. దీని ముల్లు మూరెడు పొడవు. త్రాసుకోల ఆనే కత్తి అంచు తుడిచి, గొలుసులు విప్పి కడిగి, ఒక పళ్లెంలో మూడొంతులు నీళ్ల బీకరు, రెండో దాంట్లో ఇసుక పోసి, చిటికెడు చిటికెడు కలుపుతూ ముల్లు నడిమికి తెచ్చాను. ఫ్యాను గాలికి కదులుతోందని ఆ వరస ఫ్యాను ఆపించాను.

సెకన్లమ్మ ప్రిన్సిపాల్ గారికి వెనక బెంచీలో చోటు చూపించింది. ఆయన ఫర్వాలేదంటూ ముందుకు వచ్చారు. ఆయనకంటూ ఒక మెత్తని కుర్చీ ఉంటుంది. ఆఫీసు నుంచి మోసుకొచ్చి, బోర్డు పక్కన, పిల్లలకు ఎదురుగా వేశారు. ఎప్పుడూ అలాగే వేస్తారు. తప్పని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నూట పదహారుమంది వచ్చారు. కోడలు ప్రశ్న బోర్డు మీద రాసింది. వేలు నీళ్లలో ముంచితే, అడుగు తాకకుండా, పళ్లెం దిగుతుందా, లేస్తుందా, మారదా? దిగితే ఆకుపచ్చ, లేస్తే నీలం, మారకపోతే ఎరుపు. రాసి సుద్దముక్క కింద పెట్టింది. పన్నెండు సెకన్లు ఆగింది. నేను మనసులో లెక్కపెట్టాను. తర్వాత ఆమె ఒకటి, రెండు, మూడు అనగానే అట్టలు లేచాయి. ఆకుపచ్చ నలభై మూడు, ఎరుపు యాభై రెండు, నీలం ఇరవై ఒకటి. ప్రిన్సిపాల్ గారు అప్పుడు ఏదో ఫైలు చూసుకుంటున్నారు.

పక్కవాళ్లతో మాట్లాడుకోమంది. గది సంతలా అయింది. ఆ చప్పుడుకు ఆయన తలెత్తి చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. ప్రశ్న చదివారు. ఆయనా ఒకప్పుడు ఫిజిక్స్ చెప్పినవారే. ఉత్సాహం వచ్చినట్టుంది, కుర్చీలో ముందుకు జరిగి, బల్ల మీదున్న అట్టల్లోంచి ఎరుపు తీసుకున్నారు. కోడలు రెండోసారి ఒకటి అనేలోపే పైకెత్తారు.

నేను సెకన్లమ్మ వైపు చూశాను.

రెండోసారి గది నిండా ఎరుపు. ఆకుపచ్చ తొమ్మిది.

వెనక నించున్న సెకన్లమ్మ కదల్లేదు. కోడలు ఆ తొమ్మిది అట్టల వైపు చూసింది. త్రాసు వైపు చూసింది. నా వైపు చూడలేదు. ఆమె ముందు రెండు దారులున్నాయి. నన్ను వేలు ముంచమని, నూట పదహారుమంది ముందు ఆయన తప్పని చూపించడం ఒకటి. ప్రశ్న వదిలేసి, ఎప్పటిలా బోర్డు నింపి గంట కొట్టించుకోవడం రెండోది. ఆయన సంతకం పెట్టేది ఇంకో వారంలో.

ఆమె రెండూ చెయ్యలేదు. మొదటిసారి నలభై మూడు ఆకుపచ్చలు ఉన్నాయని, ఇప్పుడు తొమ్మిదే ఉన్నాయని, ముప్పై నలుగురి మనసు ఏ కారణానికి మారిందో తనకు వినాలని ఉందని చెప్పింది. చెప్పి చేతులు కట్టుకుంది.

ఎవరూ లేవలేదు. పది సెకన్లు. పదిహేను. ఇంట్లో అయితే ఈపాటికి జవాబు చెప్పేసేది. ఇరవై. మూడో బెంచీలో ఒక కుర్రవాడు సగం లేచాడు.

"సార్ ఎరుపు ఎత్తారు మేడమ్" అన్నాడు.

ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత వెనకనుంచి ఒకరు కిసుక్కుమన్నారు, దాంతో గది అంతా నవ్వింది. ప్రిన్సిపాల్ గారు అట్ట వైపు చూసుకుని దాన్ని మెల్లిగా ఒడిలోకి దించారు. ఆయన ముఖం నేను అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు.

కోడలు నవ్వలేదు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగింది.

"సార్ కారణం సార్ దగ్గరుంది. సార్‌ని తర్వాత అడుగుతాను. ఆకుపచ్చ ఎత్తినప్పుడు నీ దగ్గరో కారణం ఉంది కదా, అది చెప్పు" అంది.

వాడు చొక్కా అంచు నలుపుకున్నాడు. ఖాళీ డబ్బాని నీళ్లలోకి నొక్కితే అది చేతిని పైకి తంతుందని, వేలినీ నీళ్లు అలాగే పైకి తోస్తాయని, నీళ్లు వేలిని పైకి తోస్తుంటే వేలు నీళ్లను కిందికి తోస్తున్నట్టే కదా అని చెప్పాడు. మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. ఆమె మాట అందివ్వలేదు. వాడే అందుకున్నాడు.

అప్పుడామె కుర్చీ వైపు తిరిగి, మీ కారణం కూడా చెప్పండి సార్ అని అడిగింది. ఒక లెక్చరరు ప్రిన్సిపాల్‌ని క్లాసులో ప్రశ్న అడగడం, అడిగి జవాబు కోసం నించోవడం, ఈ ఇరవై ఏడేళ్లలో నేను చూడలేదు. ఆయనకూ కొత్తే.

"నా వేలి బరువు నా భుజం మోస్తోంది. త్రాసెందుకు మోస్తుంది?" అన్నారు.

మంచి మాటే. చాలామంది తలలూపారు. రెండు కారణాలూ బాగున్నాయని, ఇంకోసారి మాట్లాడుకోమని ఆమె అంది. ఈసారి గోల ముందటి గోలలా లేదు. అట్టలు చూపించుకోవడం పోయి చేతులతో నొక్కి చూపించుకుంటున్నారు. ఒకమ్మాయి నీళ్ల సీసా తీసి మూతలో నీళ్లు పోసి వేలు పెట్టి పక్కమ్మాయికి చూపిస్తోంది. ప్రిన్సిపాల్ గారు తన ఎరుపు అట్టను జేబులో పెట్టేసుకుని, మూడోసారి ఏదీ ఎత్తలేదు. ఆకుపచ్చ ఎనభై ఒకటి.

"ఇప్పుడు చూద్దాం. సార్, మీ వేలే కావాలి" అంది.

ఆయన లేచి వచ్చారు. చొక్కా చెయ్యి మడిచారు. ముల్లు కదలకుండా వేసిన త్రాసు గడి విడిచాను. ముల్లు నడుమ నిలిచింది. ఆయన వేలు నీళ్లలోకి దించారు. పళ్లెం కిందికి దిగింది. ఆయన వేలు తీశారు, లేచింది. మళ్లీ ముంచారు, దిగింది. నాలుగుసార్లు ముంచారు. నేను మొదటిసారి చూసిననాడు ఎలా ముంచానో అచ్చం అలాగే, తన చేతినే తాను అనుమానించుకుంటూ. పిల్లలు బెంచీలెక్కారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చాను. ఆయన తుడుచుకుంటూ పిల్లల వైపు తిరిగారు.

"ఈ పాఠంలో నేను క్లాసు ఫస్టు. సూత్రం ఇప్పుడడిగినా ఒప్పజెబుతాను" అన్నారు. గుడ్డ నా చేతికిచ్చారు. "వేలు మాత్రం పెట్టి చూడలేదు."

తర్వాత మెత్తని కుర్చీలోకి పోలేదు. నడుచుకుంటూ వెళ్లి వెనక బెంచీలో ఇద్దరు పిల్లలను జరగమని కూర్చున్నారు. కోడలు అప్పుడు బోర్డు దగ్గరికి వెళ్లి సూత్రం రాసింది. అదే సూత్రం, అవే అక్షరాలు. ఆమె రాస్తుంటే వంగి పుస్తకంలోకి ఎక్కించుకున్నవాళ్లు సగంమందే. మిగతావాళ్లు తలెత్తి, అది నిజమేనా అన్నట్టు చూస్తున్నారు.

గంట కొట్టాక నేను త్రాసు సర్దుతున్నాను. సెకన్లమ్మ వచ్చి ఇసుక పళ్లెం తనే ఎత్తి ఇచ్చింది. తాను ఎన్నో కాలేజీలు తిరిగానని, తనకైతే ఇరవై సెకన్లు ఆగే ధైర్యం ఆ కుర్చీ ముందు ఉండేది కాదని అంది. ఆమె నీకేమవుతుందని అడిగింది. కోడలని చెప్పాను. "పెంచింది ఎవరో గానీ గట్టిగా పెంచారు" అంది. ఆ మాట మా వియ్యపురాలికి చేరవేయాలి, నిజానికి అది ఆవిడకే చెందుతుంది. చేరవేశాను కూడా, కానీ ఓ వారం నా దగ్గరే ఉంచుకున్నాను.

సంతకం వారం ఆగలేదు. ఆ సాయంత్రమే అయింది. మొదటి సంవత్సరం క్లాసు ఆమెదే. దాంతో పాటు ఇంకో కాగితం తయారైంది. సెకన్లమ్మ వేరే కాలేజీకి వెళ్లిపోతోంది కాబట్టి, ఇకమీదట ప్రతి శనివారం మధ్యాహ్నం లెక్చరర్లందరికీ ఈ పద్ధతి నేర్పేది మా కోడలు. వచ్చి నేర్చుకోవాల్సినవారి జాబితా కింద ఉంది. మొట్టమొదటి పేరు ప్రిన్సిపాల్ గారిది. ఆయనే రాయించుకున్నారు.

ఆ విషయం కోడలు ఇంటికి వచ్చి వాళ్లత్తకు చెప్పింది. మా ఆవిడ ఆ ఇరవై సెకన్లు ఎలా ఉంటాయో చూడాలని గోడ గడియారం ముందు నించుని చూసింది. ఎనిమిదో సెకనుకు, "అబ్బో, ప్రాణం పోతుందే తల్లీ" అంది. నన్ను ఎలా ఉంది క్లాసు అని కోడలు అడిగింది. బాగుంది అన్నాను. ఇంకేమైనా చెప్పాలని ఉండింది. ఆమె ఆగింది. నేను చెప్పేదాకా ఆగింది, ఫోను చూసుకోకుండా.

"ఆ కుర్చీ ముందు నించోవడం నా వల్ల అయ్యేది కాదమ్మా. నువ్వు నించున్నావు" అన్నాను.

మర్నాడు ఆ కాగితం నోటీసు బోర్డుకు అంటించే పని నాదే. మామూలుగా రెండు పిన్నులు గుచ్చుతాను. పైన శిక్షణ ఇచ్చేవారు అని రాసి ఆమె పేరుంది, పెద్ద అక్షరాల్లో. నాలుగు మూలలా నాలుగు గుచ్చాను. నోట్సు మాస్టారు వచ్చి కళ్లజోడు పైకి తోసి చదివారు.

"శనివారం కూడానా? నేనూ రావాలా?"

"మీది రెండో పేరు సార్" అన్నాను.

ఆయన ఇంకోసారి చదివారు. వంకరగా ఉందేమోనని నేను ఒక అడుగు వెనక్కి వేసి చూశాను. తిన్నగానే ఉంది. అయినా అక్కడే కాసేపు నించున్నాను.